పాతబస్తీ నుంచి గట్టు మీదికి: టిడ్కో ఇంటితో మా ఆరేళ్లు

టిడ్కో ఇళ్లంటే ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్లు. మాది కర్నూలు జగన్నాథగట్టు మీద. తాళం చేతికొచ్చింది 2024 ఫిబ్రవరి 9న. మొదటి డీడీ తీసింది 2018 ఫిబ్రవరిలో. సరిగ్గా ఆరేళ్లు. మా పాత సందులో తాళం కోసం ఇంకా చూస్తున్నోళ్లు ఇద్దరున్నారు. వాళ్లు ఫోన్ చేసి రోజుకో ప్రశ్న అడుగుతున్నారు. ఒకసారి అంతా రాసి పెడితే వాళ్లకూ, వాళ్లలాంటి ఇంకొందరికీ పనికొస్తుందని కూర్చున్నా.

మేముండింది కర్నూలు వన్‌టౌన్‌లో, హంద్రీకి దగ్గర సందులో. ఒక గది, ముందర రేకుల వసారా, నాలుగిళ్లకు ఒక కుళాయి. బాడుగ 3,500. వసారాలో నా కుట్టు మిషను. జాకెట్లు కుడతా, చీరలకు ఫాల్స్, పీకో వేస్తా. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ, ఉల్లిగడ్డల బస్తాలు ఎత్తుతాడు. ఇద్దరు పిల్లలు, మా మామ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాం. ఎదురింటి మిద్దె మీద రెండు రాత్రులు గడిపినాం. నీళ్లు తీసినాక వచ్చి చూస్తే మిషను బురదలో బోర్లా పడి ఉంది. ఆ వరద గీత గోడ మీద మా తలల కంటే పైన ఉండేది. ఓనరు మూడుసార్లు సున్నం కొట్టించినా వానాకాలం వస్తే అదే ఎత్తులో తేమ గీత మళ్లీ తేలేది. సొంతిల్లు కావాలని నాకు పట్టుదల పుట్టింది ఆ గీతను చూసి చూసే.

మా వార్డు ఆర్పీ, అంటే పొదుపు సంఘాల పని చూసే ఆమె, వచ్చి చెప్పింది, ఇళ్లు మూడు రకాలని: 300, 365, 430 చదరపు అడుగులు. 300దానికి ముందు నామమాత్రం డబ్బు కడితే చాలు గానీ మేం ఐదుగురం. 430కి ముందే లక్ష కట్టాలి, మా వల్ల కాదు. 365కి యాభై వేలు, 12,500 చొప్పున నాలుగు కిస్తీల్లో. కమ్మలు తాకట్టు పెట్టి మొదటి డీడీ తీసినాం. రెండోది ఆగస్టులో, ఉల్లి సీజన్ మొదలైనాక. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే కాబట్టి అన్నీ నా పేరుతోనే. ఇక్కడ ఒక మాట. ఆధార్‌లో నా పేరు పక్కన ఇంటిపేరు ఉంది, రేషన్ కార్డులో లేదు, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం మాత్రమే ఉంది. అప్పుడు ఎవరూ అడగలేదు. మూడేళ్ల తర్వాత అడిగినారు. ఆ ఒక్క అక్షరం కోసం నేను మీ సేవకు, బ్యాంకుకు కలిపి ఏడుసార్లు తిరిగినా. మీరు ముందే సరి చేయించుకోండి.

2019 జనవరిలో లాటరీ. కంప్యూటర్‌లో నంబరు తీసినారు. నా పేరు స్క్రీన్ మీద కనపడేసరికి కాళ్లు చల్లబడినాయి. పక్కనున్న ఆమె నా చెయ్యి పట్టుకుని, "యే అంతస్తు?" అంది. అప్పుడు చూసినా: మూడు. జీ ప్లస్ త్రీ కదా, అంటే చిట్టచివరిది. లిఫ్టు లేదు. మా మామకు మోకాళ్లు అరిగిపోయినాయి. నడవలేనోళ్లకు కింది అంతస్తు ఇస్తారని, దానికి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని డాక్టర్లు రాసిచ్చేది) ఉండాలని నాకు తెలిసింది లాటరీ అయిపోయినాక. ఇంట్లో పెద్దోళ్లుంటే లాటరీకి ముందే ఆ పని చూసుకోండి. తర్వాత మార్చరు. నేను అడిగి చూసినా, మార్చరు.

ఆ తర్వాత రెండున్నరేళ్లు చెప్పడానికేం లేదు. ప్రభుత్వం మారింది, కరోనా వచ్చింది. అలాట్‌మెంట్ కాగితం బియ్యం డబ్బా అడుగున ఉండేది, పురుగు పట్టకుండా వేపాకుతో పాటు. ఒక మేలు మాత్రం జరిగింది. 365 ఇంటికి మేం కట్టాల్సింది యాభై వేల నుంచి పాతిక వేలకు తగ్గించినారు. మేం అప్పటికే రెండు కిస్తీలు కట్టి ఉన్నాం, అంటే పాతిక వేలు. అట్ల మా లెక్క సరిపోయింది. చేతిలో డబ్బు లేక మూడోది కట్టకుండా ఆపినందుకు మా ఆయన నాలుగు రోజులు తనను తానే మెచ్చుకున్నాడు.

2021లో బ్యాంకు నుంచి పిలుపు. 3 లక్షల 15 వేలు లోను. ఆ డబ్బు మన చేతికి రాదు, నేరుగా ఇళ్లు కట్టేవాళ్లకు పోతుంది. కేంద్రం ఇచ్చే లక్షన్నర సబ్సిడీ కూడా అంతే, మనం కళ్లతో చూసేది ఉండదు. బ్యాంకులో అడిగిన మొదటి ప్రశ్న, మీ ఆయన జీతం స్లిప్ ఏది అని. హమాలీకి జీతం స్లిప్ ఏముంటుంది! భుజం మీద కాయ చూపించాల్సిందే. రెండో ప్రశ్న ఇంకా కష్టం. మా పొదుపు సంఘం లోను ఒకటి బకాయి కనపడుతోందన్నారు. నా వంతు నేను కట్టినా, కానీ పది మందిలో ఇద్దరు కట్టలేదు. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదంట. ఆ ఇద్దరిలో ఒకామె బెంగళూరులో ఎక్కడో బిల్డింగు పనికి పోయింది. చివరికి మిగిలిన ఎనిమిది మందిమి తలా పదకొండు వందలు వేసుకుని కట్టేసి, నో డ్యూ కాగితం తెచ్చుకున్నాం. దీనికే నెలా పది రోజులు. సంతకాలు ఎన్ని పెట్టినానో లెక్క లేదు. ఒకచోట తప్పు గీత పడితే మొత్తం కట్ట మళ్లీ మొదటి నుంచి.

సంతకాలప్పుడు రెండేళ్ల దాకా కిస్తీ ఉండదని చెప్పినారు. అప్పటికి ఇంట్లో చేరి ఉంటామని అందరం నమ్మినాం. 2022 ఆగస్టులో రిజిస్ట్రేషన్ అయింది, దానికి మా దగ్గర డబ్బు తీసుకోలేదు. ఇంకేం, దసరాకో సంక్రాంతికో అనుకున్నాం. ఆ సంక్రాంతి పోయింది, ఇంకో దసరా పోయింది. 2023 నవంబరు 10 పొద్దున ఫోన్ మోగింది. ఖాతా నుంచి 2,900కు కొంచెం తక్కువ కట్ అయినట్టు మెసేజ్. ఆ డబ్బు పాప పదో తరగతి పరీక్ష ఫీజుకూ, ట్యూషన్‌కూ ఉంచింది. తాళం ఇంకా రాలేదు, ఇంటి కిస్తీ మాత్రం మొదలైంది. బ్యాంకుకు పోతే, "రెండేళ్లయింది కదమ్మా, సిస్టమ్ తీసేసుకుంటుంది" అన్నారు. ఇటు బాడుగ, అటు కిస్తీ, మూడు నెలలు రెండూ కట్టినాం. ఆ మూడు నెలల్లో నేను మా ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడినానో ఆ సందంతా చెప్తుంది. కిస్తీ పోయే ఖాతా వేరే, ఇంటి ఖర్చు ఖాతా వేరే పెట్టుకోవాలని అప్పుడు తెలిసొచ్చింది.

తాళం ఇచ్చిన రోజు ఫొటో దిగినాం. పైకెక్కి తలుపు తీస్తే సిమెంటు వాసన, పావురాల రెట్ట. ఒక హాలు, ఒక బెడ్రూము, వంటగది, లోపలే బాత్రూము, చిన్న బాల్కనీ. నలభై రెండేళ్ల బతుకులో లోపల గడియ పెట్టుకునే బాత్రూము నాకు ఇదే మొదటిది. అందులో ఊరికే నిలబడి ఏడ్చినా. ఎవరైనా వస్తారని కుళాయి తిప్పినా, నీళ్ల చప్పుడుకు వినపడకుండా. నీళ్లు రాలేదు.

రథసప్తమి శుక్రవారం వచ్చింది, ఫిబ్రవరి 16. ఆ రోజు పాలు పొంగించినాం. సామాను మాత్రం ముందు రోజే తెచ్చినాం. చిన్న ట్రాలీ ఆటోకు 1,200. మాకున్న ఒకే ఒక్క బరువు బీరువా. నా పెళ్లికి మా నాయన పెట్టింది, పాత కాలం ఇనుము. మా ఆయనతో పాటు యార్డులో చేసే నలుగురు వచ్చినారు. వంద కిలోల బస్తాలు వీపున వేసుకుని నడిచే మనుషులు. బీరువాను తాళ్లతో కట్టి రెండో అంతస్తు దాకా పాట పాడుకుంటూ ఎక్కించినారు. అక్కడ మెట్ల మలుపులో అది ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. అప్పటికే పైనున్న ఇద్దరు దిగలేరు, కిందున్న ఇద్దరు ఎక్కలేరు. ఇరవై నిమిషాలు అట్లనే. కింది ఇంటాయన టేపు తెచ్చి కొలిచి, "నాలుగు అంగుళాలు ఎక్కువుందన్నా" అన్నాడు. చివరికి తలుపులు ఊడదీసి, కాళ్లు విప్పి, రైలింగు మీదుగా నిలువుగా లేపి తీసుకుపోయినారు. ఒక కాలు ఆ రోజే వంకర పోయింది, ఇప్పుడు దాని కింద అట్టముక్క పెట్టినా. వాళ్లు కూలి తీసుకోలేదు. బిర్యానీ పెట్టించినా, 900 అయింది. మీరు పోయే ముందు మెట్ల మలుపు కొలుచుకోండి. బీరువా అమ్మేసి పైన చిన్నది కొనుక్కున్నా నష్టం లేదు.

మా మామ ఆ తతంగమంతా కింద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. ఆయనది శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోయిన ఊరు. 1981లో నీళ్లు వస్తున్నాయని లారీలెక్కించి పంపినారంట, వాకిలి దర్వాజా ఒకటి పీకి తెచ్చుకున్నారు. అది కూడా 2009లో హంద్రీ పట్టుకుపోయింది. ఇల్లు మారడమంటే ఆయనకు ఇది మూడో తూరి. ఎక్కమంటే ఎక్కడు. "ఇంత ఎత్తుకు నీళ్లు రావు గదా?" అని అడిగినాడు. రావు మామా, దేవుడొచ్చినా రావు అన్నా. అప్పుడు లేచినాడు. మెట్టు మెట్టుకూ ఆగి, ముప్పావు గంటకు పైకొచ్చినాడు.

మొదటి వారంలో నేర్చుకున్నది గోడ సంగతి. క్యాలెండరు తగిలించాలని మేకు కొడితే వంగింది. ఇంకోటి వంగింది. నాలుగు వంగినాక కింది ఇంటామె నవ్వి చెప్పింది: వీటిలో ఇటుక లేదు, గోడంతా కాంక్రీటే పోసినారు, షియర్ వాల్ అంటారు, డ్రిల్లు తప్ప దిగదు అని. డ్రిల్లు పిల్లోడు బొక్కకు 40 తీసుకుంటాడు. ఎక్కడెక్కడ కావాలో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని పద్నాలుగు వేయించినా, 560. దేవుడి పటాలన్నిటికీ కలిపి ఒకే చెక్క వేయించినా. ఆ గోడలు ఏప్రిల్లో పగలంతా కాగి రాత్రి పన్నెండు దాకా చల్లారవు. పై అంతస్తు కాబట్టి నెత్తిన స్లాబు కూడా అంతే. చప్పుడు కూడా బాగా పాకుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత నేను మిషను తొక్కితే కింది ఇంట్లో గిన్నెలు అదురుతున్నాయంట. ఇప్పుడు మిషను కింద పాత గోనెసంచులు నాలుగు మడతలు వేసినా.

ఖర్చు చెప్తా. ఫ్యాన్లు మూడు, లైట్లు, బాల్కనీకి గ్రిల్లు, వంటింట్లో అరుగు కింద చెక్కలు, పాలు పొంగించిన భోజనాలు, అన్నీ కలిపి 28 వేలు దాటింది. పాత ఓనరు అడ్వాన్సు 7,000లో సున్నానికని 2,000 పట్టుకున్నాడు. ఆ సున్నం కింద ఆ వరద గీత మళ్లీ తేలుతుంది, అది వేరే సంగతి. నెల లెక్క చూస్తే బాడుగ 3,500 పోయింది, కిస్తీ 2,900 వచ్చింది. ఆరు వందలు మిగిలినట్టే కనపడుతుంది. కానీ మా ఆయన తెల్లారి ఐదింటికి యార్డులో ఉండాలి, ఆ వేళకు గట్టు మీద నుంచి బస్సు లేదు. పాత బండి ఒకటి కొన్నాడు, పెట్రోలు నెలకు రెండు వేలు. ముందు నడిచిపోయేవాడు. నాకు షేర్ ఆటో పోను ముప్పై, రాను ముప్పై. "ట్రిపుల్ ఐటీ" అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు, "టిడ్కో" అంటే ఇంకో పది అడుగుతారు.

అసలు దెబ్బ నా పనికి. వన్‌టౌన్‌లో మ్యాచింగ్ సెంటర్ ఆయన రోజుకు ఐదారు చీరలు పంపేవాడు. మొదట్లో రెండ్రోజులకొకసారి నేనే పోయి తెచ్చుకునేదాన్ని. చీరకు 60 వస్తే, ఆటోకే 60. నెల తిరగకముందే ఆయన పక్క సందులో ఇంకొకామెను పెట్టుకున్నాడు. తప్పు పట్టలేం, సాయంత్రానికి చీర కావాలనేవాళ్లకు గట్టు మీదున్న మనిషి ఎందుకు? ఇల్లు చూసుకునేటప్పుడు గదులు కొలిచినా, కిస్తీ లెక్కేసినా. నా గిరాకీ ఆ సందును వదిలి రాదన్న సంగతి మాత్రం తట్టలేదు. మార్చి, ఏప్రిల్ రెండు నెలలు నా చేతికి వచ్చింది 1,800.

పాపకు మార్చి 18 నుంచి పదో తరగతి పరీక్షలు. పాత బడి, పాత సెంటరు. అందుకని నెలన్నర మా ఆడబిడ్డ ఇంట్లో ఉంచినాం. బిడ్డ లేని కొత్తింట్లో కొత్తగా ఏం ఉంటుంది. మీ ఇంట్లో పరీక్షలుంటే అవి అయ్యేదాకా పాత ఇల్లు వదలొద్దు.

కాగితాలు మనుషుల కంటే నిదానంగా ఇల్లు మారతాయి. మేం ఫిబ్రవరిలో వచ్చినాం, మా రేషన్ కార్డు, మామ పింఛను జూన్ దాకా పాత వార్డు సచివాలయంలోనే ఉన్నాయి. ముందు ఆధార్‌లో అడ్రసు మారాలి, దానికి కరెంటు బిల్లు కావాలి, కరెంటు మీటరు నా పేరు మీదికి రావాలి. ఏప్రిల్లో ఎన్నికలని వాలంటీర్లు ఇంటికొచ్చి పింఛను ఇవ్వడం ఆపినారు కదా, సచివాలయానికే రమ్మన్నారు. ఆ ఎండలో మూడంతస్తులు దించి, ఆటోలో వన్‌టౌన్‌కు తీసుకుపోయి, వరుసలో కూర్చోబెట్టి మూడు వేలు ఇప్పించుకొచ్చినా. ఆటోకు 250 అయింది. మే 13న ఓట్లకు కూడా అందరం పాత బూతుకే పోయినాం. ఓటేసి బయటికొచ్చినాక మామ ఆ సందులోకి నడిచి, పాత ఇంటి అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. కొత్తగా దిగినోళ్లు మంచినీళ్లు ఇచ్చినారు.

మేలో మోటారు కాలింది. మా బ్లాకులో 32 ఇళ్లు, అప్పటికి చేరినోళ్లు 19. నెలకు తలా 200 అనుకున్నాం మోటారుకు, మెట్ల లైట్లకు. తాళం వేసుకుని పోయినోళ్లు, బాడుగకు ఇచ్చినోళ్లు ఇవ్వరు. ఉన్నోళ్లలో ఆరుగురు "ఇస్తాంలే" అంటారు. కాలినాక రిపేరుకు 4,800 అడిగితే ఎవరి దగ్గరా పోగైన డబ్బు లేదు. నాలుగు రోజులు ట్యాంకరు దగ్గర పట్టి మూడంతస్తులు మోసినాం. బిందెకు 48 మెట్లు. మా ఆయన రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని ఎక్కి వచ్చి కూర్చుంటే, మామ మంచం మీద నుంచి అన్నాడు: "నేను ఆ పొద్దే అడిగినా గదరా, ఇంత ఎత్తుకు నీళ్లు రావని మీరే చెప్తిరి." కోపంతో ఉన్న మనిషి కూడా నవ్వేసినాడు.

మామ ఈ చోటికి అలవాటు పడింది గుడి వల్ల. గట్టు మీద రూపాల సంగమేశ్వరుడి గుడి ఉంది. అది కూడా శ్రీశైలం నీళ్లలో మునగాల్సిందే, రాళ్లు ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చినారు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి వారానికొకసారైనా పోవాలంటాడు. మా ఆయన బండి మీద దింపి వస్తాడు. దండం పెట్టుకోవడం తక్కువ, గోడలను తడిమి చూడడం ఎక్కువ. "మా రాళ్లే" అంటాడు. ఆ ఎండాకాలం శ్రీశైలం రిజర్వాయరులో నీళ్లు బాగా తగ్గినాయి, ఊరి పునాదులు తేలి ఉంటాయి తీసుకుపో అని కొడుకును అడిగినాడు. యార్డులో పని వదిలి పోలేకపోయినాడు. వానలు వచ్చినాయి.

జూన్‌లో పిల్లోడిని కింద బడిలో చేర్పించినాం. నా పని కూడా కొంచెం కదులుతోంది. మెట్ల దగ్గర అట్టముక్క మీద "ఫాల్స్, పీకో, మూడో అంతస్తు" అని పాపతో రాయించి పెట్టినా. పక్క బ్లాకుల నుంచి వస్తున్నారు. పాతబస్తీలో 60, ఇక్కడ 50 అడుగుతారు. "మెట్లెక్కి వచ్చినాం కదా అక్కా" అని ఆ పది తగ్గించమంటారు.

జులై 1న పొద్దున ఆరున్నరకు తలుపు చప్పుడైంది. ఇక్కడి సచివాలయం పిల్లోడు, ఆయాసపడుతూ గోడ పట్టుకుని నిలబడినాడు. పింఛను నాలుగు వేలు చేసి, వెనకటి మూడు నెలల పెంపు కూడా కలిపి ఏడు వేలు ఇచ్చినారు కదా, అది. మామ వేళ్లు అరిగిపోయి వేలిముద్ర మిషను మీద పడలేదు. మూడుసార్లు చూసి, కంటికి పెట్టి తీసుకున్నాడు. ఆ పిల్లోడు చెంబెడు నీళ్లు తాగి, "తాతా, కింద ఇల్లు రాలేదా నీకు?" అన్నాడు. మామ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, అందులో ఐదు వందలు తీసి నాకిచ్చినాడు. ఎందుకు మామా అంటే, "మోటారుకు" అన్నాడు.